కుక్కల గుండె జబ్బు - నీరు తీసే మాత్ర వాడవలసిన పద్ధతి

(ఎల్.బి. నగర్‌లో పాల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘం సభలో గేదె మాట, పచ్చిమేత మాట, వెన్న శాతం మాట చెప్పడం రివాజు. ఈ రోజు కుక్కను గురించి మాట్లాడతామంటే ముందు వరుసలో కొందరు నవ్వారు. నవ్వండి, తప్పులేదు. అయితే పోయినసారి సమావేశం ముగిశాక ఒక సోదరి మా దగ్గరకు వచ్చి ఇలా అడిగారు: "మా కుక్కకు గుండె జబ్బుట. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట. డాక్టరుగారు నీరు తీసే మాత్ర ఇచ్చారు. అది మింగినప్పటి నుంచి ఇల్లంతా తడిపేస్తున్నది. అందుకని నీళ్లు పెట్టడం తగ్గించాము. మంచిదే కదా?"

మంచిది కాదమ్మా, ఇంటికి వెళ్లగానే నీళ్ల గిన్నె నింపి పెట్టండి అని చెప్పి పంపాము. అంత గట్టిగా చెప్పడానికి కారణం ఉన్నది. ఆ తప్పును మేమే మా ఇంట్లో చేసి ఉన్నాము. ఒకరికి చెప్పిన మాట నలుగురికీ పనికివస్తుందని ఈ రోజు ఈ విషయం ఎత్తుకొన్నాము.

మేము పశువైద్యులం కాము. పాల సేకరణ పనిలో ఏళ్లు గడిపిన వాళ్లం. మా ఇల్లు కొత్తపేటలో, అనగా దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్.బి. నగర్‌కూ మధ్య. ఈ దారి మీకు కొత్త కాదు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 2021లో బాటసింగారానికి తరలిపోయింది. 2018 సెప్టెంబరు నుంచి అమీర్‌పేట - ఎల్.బి. నగర్ మెట్రో నడుస్తున్నది. ఖాళీ జాగా ఉన్నచోటల్లా అపార్టుమెంట్లు లేచాయి. మన సభ్యుల పిల్లలు ఎందరో ఇక్కడ కాపురాలు పెట్టారు. ఊళ్లో కొట్టం కాచే కుక్క ఒకటి ఉంటే, ఇక్కడ నాలుగో అంతస్తులో మనుమల చేతుల్లో పెరిగే కుక్క ఒకటి ఉంటున్నది. రెండూ ముసలివి అవుతాయి. రెండింటికీ గుండె జబ్బు రావచ్చు.

మా ఇంటి కుక్క పేరు చంటి. పొమరేనియన్ జాతి, ఎనిమిది కిలోల బరువు. దానికి పదకొండో ఏడు నడుస్తుండగా రాత్రిళ్లు దగ్గు పట్టుకొన్నది. గొంతులో ఎముక ముక్క ఇరుక్కొన్నదేమోనని నోరు తెరిచి చూశాము. తేనె నాకించాము. వారం గడిచింది. ఒక రాత్రి అది పడుకోలేదు. ముందు కాళ్లు ఎడంగా పెట్టి, మెడ చాచి, కూర్చునే తెల్లవారజేసింది. పడుకొంటే ఊపిరి ఆడదు, అందుకే కూర్చున్నదని అప్పుడు మాకు తెలియదు. తెల్లవారి ఆటోలో డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్లాము. ఆయన గుండె మీద గొట్టం పెట్టి విని, చిగుళ్ల రంగు చూసి, వెంటనే నరానికి ఒక ఇంజెక్షను ఇచ్చారు. అరగంటలో అది మూత్రానికి పోసింది, తరువాత మళ్లీ పోసింది. గంట దాటేసరికి ఊపిరి నెమ్మదించి తల వాల్చి పడుకొన్నది. ఆ తరువాతే ఎక్స్‌రే తీశారు. ఆ ఇంజెక్షను పేరు ఫ్యురోసెమైడ్. మన ఇళ్లల్లో బి.పి.కీ, కాళ్ల వాపుకూ పెద్దవాళ్లు మింగే లాసిక్స్ మాత్ర ఈ మందే.

అసలు జరిగేదేమిటి? బావి మోటారు తెలిసిన వారికి ఇది చెప్పడం తేలిక. ఫుట్‌వాల్వు సరిగా మూసుకోకపోతే ఎక్కిన నీళ్లు వెనక్కి జారిపోతాయి. మోటారు తిరుగుతూనే ఉంటుంది, మడికి మాత్రం నీరు చాలదు. చిన్న జాతి కుక్కలకు వయసు మీరాక గుండెకు ఎడమవైపున ఉన్న కవాటం మందమెక్కి ఇలాగే సరిగా మూతపడదు. నెత్తురు వెనక్కి తన్నుతుంది. వెనకనున్నవి ఊపిరితిత్తులు. అక్కడ ఒత్తిడి పెరిగి నీరు ఊరుతుంది. డాబర్‌మన్, గ్రేట్ డేన్ వంటి పెద్ద జాతుల్లో గుండె కండరమే బలం తగ్గి సాగిపోవడం ఎక్కువగా చూస్తారు. గుండె కుడివైపు దెబ్బతింటే నీరు పొట్టలో చేరుతుంది. మేకో తీగముక్కో మింగిన పశువుకు అది లోపలి నుంచి గుండె పొరను గుచ్చినప్పుడు దవడ కింద, గంగడోలులో నీరు దిగడం మీలో కొందరు చూసే ఉంటారు. కారణం వేరైనా నెత్తురు వెనక్కి నిలిచిపోవడం ఒక్కటే.

దీని మీద మరొక చిక్కు ఉన్నది. ముందుకు పోయే నెత్తురు తగ్గడం చూసి శరీరం తనకు నీరు చాలడం లేదని భ్రమపడుతుంది. ఉప్పును వదలవద్దు, నీటిని వదలవద్దు అని మూత్రపిండాలకు కబురు పంపుతుంది. నిండి పొర్లుతున్న చెరువుకు ఇంకొక కాలువ తవ్వి నీళ్లు మళ్లించినట్లవుతుంది. ఫ్యురోసెమైడ్ పనిచేసేది ఇక్కడే. మూత్రపిండంలో ఉప్పు తిరిగి నెత్తురులోకి వెళ్లే దారిని అది మూస్తుంది. ఉప్పు మూత్రంలోనే ఉండిపోతుంది. ఉప్పు వెంట నీరు పోతుంది. ఊపిరితిత్తుల్లో ఒత్తిడి తగ్గి ఊపిరి ఆడుతుంది.

ఈ సౌకర్యం చాలాకాలం లేదు. 1785లో ఇంగ్లండు వైద్యుడు విలియం విదరింగ్ ఒంటికి నీరు పట్టిన రోగులకు డిజిటాలిస్ ఆకు వాడే పద్ధతిని గ్రంథస్థం చేశాడు. 20వ శతాబ్దం మొదటి సగంలో పాదరసం కలిసిన మందులతో నీరు తీసేవారు. 1960లలో జర్మనీలోని హోక్స్ట్ కంపెనీ ఫ్యురోసెమైడ్‌ను బజారులోకి తెచ్చింది. చవకైన మందు, వేగంగా పనిచేసే మందు. అందువల్లనే దీన్ని తేలికగా తీసుకొని తప్పులు చేస్తాము.

ముఖ్యమైన మాట ఒకటి గుర్తుంచుకోవలెను. ఈ మాత్ర గుండెను బాగుచేయదు. జారే కవాటం జారుతూనే ఉంటుంది. చేరిన నీటిని తోడడం, మళ్లీ చేరకుండా చూడడం మాత్రమే దీని పని. తోడడం ఆపితే నీరు మళ్లీ చేరుతుంది. మరీ ఎక్కువ తోడితే ఒళ్లు ఎండిపోతుంది. ఈ రెండింటి మధ్య కుక్కను నడిపించడమే వైద్యం. అందులో సగం డాక్టరుగారి చేతిలో ఉంటే సగం మన చేతిలో ఉన్నది.

మేము చేసిన మొదటి తప్పు నీళ్ల గిన్నె తీసివేయడం. చంటికి 40 మిల్లీగ్రాముల మాత్రలో సగం చొప్పున రోజుకు రెండుసార్లు ఇవ్వమన్నారు. మేము తీరిక చూసుకొని పొద్దున తొమ్మిదికీ, రాత్రి పదికీ ఇచ్చేవాళ్లం. రాత్రి పన్నెండుకు లేచి గుమ్మం గీకేది. నాలుగు అంతస్తులు దించి తీసుకువెళ్లలేక సాయంత్రం నుంచి గిన్నె ఎత్తిపెట్టాము. అది మే నెల. నాలుగు రోజులకు తిండి మానింది, వాంతి చేసుకొన్నది, లేచి నిలబడలేకపోయింది. నెత్తురు పరీక్షలో యూరియా, క్రియాటినిన్ పెరిగి, పొటాషియం తగ్గి ఉన్నట్లు తేలింది. డాక్టరుగారు మమ్మల్ని కోప్పడలేదు. "మందు నీటిని బయటికి పంపుతున్నది. తాగే నీటిని మీరు ఆపారు. మధ్యలో మూత్రపిండాలకు నెత్తురు చాలలేదు" అని మాత్రం అన్నారు.

కనుక మొదటి నియమం. ఈ మాత్ర మింగే కుక్కకు ఇరవై నాలుగు గంటలూ శుభ్రమైన నీరు అందుబాటులో ఉండవలెను. ఎక్కువ తాగుతుంది, ఎక్కువ పోస్తుంది. అది మందు పనిచేస్తున్నదనడానికి గుర్తే. తిండి మానినా, వాంతులూ విరేచనాలూ పట్టుకొన్నా, నీళ్లు తాగకపోయినా అదే మోతాదు గుడ్డిగా ఇస్తూ పోకుండా వెంటనే డాక్టరుగారిని అడగండి.

మరి ఇల్లు తడవకుండా ఎలాగ? దానికి ఉపాయం గిన్నె తీయడం కాదు, వేళ మార్చడం. ఇది రెండో నియమం. నోటితో ఇచ్చిన మాత్ర గంటలోపు పని మొదలుపెడుతుంది. ఒకటి రెండు గంటలకు దాని ఉధృతి ఎక్కువ. ఆరు గంటలకు తగ్గిపోతుంది. అందువల్ల పొద్దున ఆరుకు మాత్ర వేసి ఏడింటికి బయట తిప్పండి. సాయంత్రం ఆరుకు వేసి ఏడింటికీ, పడుకోబోయే ముందూ తిప్పండి. రాత్రి నిద్ర మీకూ దక్కుతుంది, దానికీ దక్కుతుంది. ఈ వేళలు మీకు ఎవరూ నేర్పనక్కరలేదు. మనం సంఘానికి పాలు పోసే వేళలు ఇవే. డబ్బా ఎత్తే ముందు మాత్ర వేయండి, డబ్బా కడిగాక కుక్కను తిప్పండి.

మూడో నియమం ఊపిరి లెక్క. పాలలో వెన్న ఎంతో కంటితో చూసి చెప్పగలమా? చిక్కగా కనబడిన పాలకే తక్కువ శాతం రావడం మీరు ఎరుగుదురు. అందుకే పరీక్ష పెట్టుకొన్నాము. కుక్క సంగతీ అంతే. తోక ఊపింది, గుమ్మం దాకా వచ్చింది కనుక బాగున్నదని అనుకోరాదు. అది గాఢంగా నిద్రపోతున్నప్పుడు గడియారం చూసుకొని అరనిమిషం సేపు డొక్క ఎన్నిసార్లు లేచి పడిందో లెక్కపెట్టండి. దాన్ని రెండింతలు చేయండి. నిమిషానికి 30 లోపు ఉండవలెను. ఎండలో తిరిగి వచ్చి నాలుక బయటపెట్టి ఒగర్చేటప్పుడు తీసిన లెక్క లెక్క కాదు. చల్లని చోట నిద్రలో చూడవలెను. రోజూ 20, 22 వచ్చే కుక్కకు ఒకరోజు 30 దాటితే కాసేపాగి మళ్లీ చూడండి. అప్పుడూ దాటితే ఆ రోజే డాక్టరుగారికి చెప్పండి. 40 దాటి డొక్కలు ఎగరేస్తున్నా, చిగుళ్లు నీలిబారినా, పడుకోకుండా కూర్చున్నా రాత్రి అని చూడకుండా ఆసుపత్రికి బయలుదేరవలెను.

మేము పాత పాల పాస్‌బుక్కు ఒకటి దీనికి వాడాము. ఉదయం, సాయంత్రం అని వరుసలు గీసే ఉంటాయి. లీటర్లు రాసేచోట మాత్ర వేసిన వేళ, వెన్న శాతం రాసేచోట ఊపిరి లెక్క. ఆ పుస్తకం చేతికిస్తే డాక్టరుగారికి నెలరోజుల సంగతి ఒక్క చూపులో తెలిసేది.

ఆ పుస్తకం పుట్టడానికి మా రెండో తప్పు కారణం. వానాకాలం వచ్చేసరికి చంటి కోలుకొన్నది. మెట్లు కూడా ఎక్కసాగింది. పెండ్లికి నాలుగు రోజులు ఊరు వెళుతూ పక్కింటివారికి అప్పగించి, "ఇప్పుడు బాగానే ఉన్నది, పూటకొకటి ఎందుకు, రోజుకు ఒక మాత్ర చాలు" అని చెప్పి వెళ్లాము. తిరిగి వచ్చిన రాత్రి దాని ఊపిరి నిమిషానికి 52. మళ్లీ ఇంజెక్షను, మళ్లీ ఆమ్లజని. పక్కింటివారు చెప్పినట్లే చేశారు, తప్పు చెప్పినది మేము. బాగుపడింది గనుక మాత్ర తగ్గిద్దామనుకొన్నాము. మాత్ర పడుతున్నది గనుకనే బాగున్నదని మాకు తట్టలేదు. మోతాదు తగ్గించవలసి వస్తే డాక్టరుగారే రక్తపరీక్ష, ఊపిరి లెక్క చూసి తగ్గిస్తారు. ఇది నాలుగో నియమం.

మోతాదు సంగతి కూడా చెప్పవలెను. సాధారణంగా కుక్క బరువులో కిలోకు 2 మిల్లీగ్రాముల చొప్పున పన్నెండు గంటలకొకసారి మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి పెంచడం, తగ్గించడం చేస్తారు. అంటే పది కిలోల కుక్కకు 40 మిల్లీగ్రాముల మాత్రలో సగం. లెక్క తెలియడం కోసం చెబుతున్నాము గాని, ఇంట్లో పెద్దాయన డబ్బాలోంచి మాత్ర తీసి కుక్కకు వేయడానికి కాదు. దగ్గిన ప్రతి కుక్కకూ గుండె జబ్బు ఉండదు. గుండె చప్పుడులో తేడా వినబడినంత మాత్రాన కూడా ఈ మందు మొదలుపెట్టరు. ఊపిరితిత్తుల్లో నీరు చేరకముందే నీరు తీస్తే లాభం లేదు.

ఈ మందు ఒంటరిగా వాడరు. గుండె పిండే శక్తిని పెంచే పిమోబెండాన్, శరీరం పంపే ఆ తప్పుడు కబురును అడ్డుకొనే బెనాజెప్రిల్ లేక ఎనలాప్రిల్, పొటాషియం పోకుండా చూసే స్పిరోనోలాక్టోన్ కలిపి ఇస్తారు. కవాట జబ్బుతో గుండె పెద్దదై ఇంకా నీరు చేరని కుక్కలకు పిమోబెండాన్ ఇస్తే, ఆ ప్రమాదం సగటున 15 నెలలు వెనక్కి జరుగుతుందని 360 కుక్కలతో చేసి 2016లో ప్రచురించిన పరిశీలన తేల్చింది. కనుక ముసలి కుక్కను ఏడాదికి ఒకసారైనా గుండె పరీక్షకు తీసుకువెళ్లడం దండుగ కాదు. ఫ్యురోసెమైడ్ మొదలుపెట్టిన తరువాత వారం రెండు వారాల్లో, మోతాదు మార్చినప్పుడల్లా మూత్రపిండాల పరీక్ష చేయించవలెను.

ఐదో నియమం ఉప్పు. మజ్జిగన్నంలో ఉప్పు, పచ్చడి మెతుకులు, అప్పడం ముక్క, మిక్చరు, ఉప్పు చేప - ఇవన్నీ మందు బయటికి పంపే ఉప్పును మనమే తిరిగి లోపల పెట్టడం. ఉప్పు వేయని అన్నం, ఉప్పు వేయని కోడిమాంసం, గుడ్డు పెట్టవచ్చు. దాని వంతు ముందే తీసి, ఆ తరువాత కూరలో ఉప్పు వేసుకొంటే సరిపోతుంది. నొప్పి మాత్రలతో మరీ జాగ్రత్త. కీళ్ల నొప్పులని మనుషుల నొప్పి మాత్రలు కుక్కకు వేస్తే, ఈ మందుతో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

వైద్యం ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. ప్రభుత్వ ఆసుపత్రి నారాయణగూడలో ఉన్నది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మలక్‌పేట, చాదర్‌ఘాట్ మీదుగా పోవచ్చు. ఎల్.బి. నగర్ నుంచి రింగురోడ్డు పట్టుకొని ఆరాంఘర్ దాటితే రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల. 1946లో ఏర్పడిన ఆ కళాశాల నేడు పి.వి. నరసింహారావు పేరిట ఉన్న పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. ఊపిరి అందని కుక్కను గట్టిగా ఎత్తి పట్టుకోకుండా, గాలి ఆడేటట్లు, అది కోరుకొన్న తీరులోనే కూర్చోనిచ్చి తీసుకువెళ్లండి.

ఇక పాల సంఘానికి నేరుగా సంబంధించిన మాట. ఇదే ఫ్యురోసెమైడ్‌ను పశువులకు కూడా వాడతారు. తొలిచూలు పడ్డ ఈనేముందు, ఈనిన తరువాత పొదుగుకు నీరు దిగి, వేలితో నొక్కితే గుంట పడుతుంది. వేడి, నొప్పి, పాలలో విరుగుడు లేకపోతే అది పొదుగువాపు జబ్బు కాదు, నీరు మాత్రమే. అది తీవ్రంగా ఉంటే డాక్టరుగారు ఈ ఇంజెక్షను ఇస్తారు. మందు పాలలోకి వస్తుంది. అమెరికాలో ఈ మందు పెట్టె మీద ఉండే నియమం ప్రకారం, వాడుతున్న రోజుల్లోనూ, చివరి మోతాదు పడిన తరువాత 48 గంటలూ, అనగా నాలుగు పూటలు, ఆ పాలు మనుషుల వాడకానికి పోరాదు. ఈనిన మొదటి రోజుల్లో ఎలాగూ జున్నుపాలు సంఘానికి పోయరు. ఆ రోజులు దాటాక ఇంజెక్షను పడితే మాత్రం కార్యదర్శికి చెప్పి, ఆ పాలు విడిగా ఉంచవలెను. కుక్క కోసం తెచ్చిన మందు ఇంట్లో ఉన్నది కదా అని దాన్ని గేదెకు వేయడం, గేదెకు మిగిలిన ఇంజెక్షను కుక్కకు వేయడం రెండూ కూడనివే. మన కాన్లలో కలిసిన పాలు ఏ బస్తీలో ఏ పసిబిడ్డ తాగుతుందో మనకు తెలియదు.

చంటి సంగతి చెప్పి ముగిస్తాము. ఆ రెండో దెబ్బ తరువాత పాస్‌బుక్కు ప్రకారం నడిచాము. అది మరొక పదునాలుగు నెలలు బతికింది. మెట్లు ఎక్కలేకపోయినా పొద్దున ఏడింటికి గుమ్మం దగ్గర నిలబడి మమ్మల్ని పిలిచేది. చివరి వారాల్లో మందు పెంచినా లెక్క 40 కిందికి దిగలేదు. డాక్టరుగారు ఇక చేయగలిగినది లేదని చెప్పారు. ఆ మాట విని ఏడ్చాము గాని, ఇంకా ఏదో చేయకుండా వదిలేశామన్న బాధ మాకు లేదు. ఆ మొదటి వేసవిలో నీళ్ల గిన్నె ఎత్తిపెట్టిన నాలుగు రోజులు మాత్రం ఇప్పటికీ గుర్తుకు వస్తాయి. మీకు అటువంటి జ్ఞాపకం మిగలకూడదని ఇంతసేపు చెప్పాము.

పోయినసారి మమ్మల్ని అడిగిన ఆ సోదరి ఈ రోజు కూడా వచ్చారు. వారి కుక్క ఊపిరి లెక్క నిన్న రాత్రి 24 అని కాగితం మీద రాసి తెచ్చి చూపించారు. వారిని చూసి మిగిలినవారూ నేర్చుకోవలెనని కోరుతున్నాము.